మైకు, మతం, ‘వాళ్ళు’: ఒడిశా సరిహద్దు తెలుగువారు ఎన్నికల ప్రసంగాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మాది ఒడిశా గజపతి జిల్లాలోని పర్లాకిమిడి. ట్యూషన్లు చెప్పుకుని బతికినవాణ్ణి. తెలుగు, ఒడియా రెండూ వచ్చు, సంతలో బేరమాడే పాటి సవర (ఇక్కడి కొండల గిరిజనుల భాష) కూడా వచ్చు. అందుకని చాలా ఏళ్ళు, భువనేశ్వర్ నుంచి ఏ పార్టీ నాయకుడు వచ్చినా ఆయన ఒడియాను తెలుగులో చెప్పడానికి నన్ను స్టేజీ ఎక్కించేవారు. 2024లో మే 13న నదికి అటు ఆంధ్రాలోని పాతపట్నంలోనూ ఇటు మా ఊళ్ళోనూ ఒకేరోజు పోలింగ్ జరిగింది. ఆ నెల్లాళ్ళూ మహేంద్రతనయకు రెండు ఒడ్డుల నుంచీ మైకులే మైకులు. ఆ రోజుల నుంచి ఇరుగుపొరుగు, పాత విద్యార్థులు, గుణుపురం, కాశీనగరం, బరంపురం చుట్టాలు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలు ఇవి.

ప్రసంగంలో దేవుడి పేరెత్తితేనే తప్పా మాస్టారూ?

కాదు. ‘జై జగన్నాథ్’ అనకుండా ఒడిశాలో సభ మొదలవదు. అది నమస్కారం లాంటిది, ఏ పార్టీ వాళ్ళయినా అంటారు. దేవుడి పేరెత్తి నాలుక జారినా అది నేరమైపోదు. 2024 మే 20న పూరీలో బీజేపీ అభ్యర్థి సంబిత్ పాత్రా జగన్నాథుడే మోదీ భక్తుడని అనేశారు. ఒడిశా అంతా మండిపడింది. నోరు జారిందని క్షమాపణ చెప్పి, మూడు రోజులు ఉపవాసం ఉంటానన్నారు. ఆ ఎన్నికలో గెలిచారు కూడా. చట్టం అక్కడ చేసేదేమీ లేదు.

మరి చట్టం పట్టుకునేది దేన్ని?

‘ఫలానా మతం వాణ్ణి కాబట్టి నాకు వెయ్యండి’ అనడాన్ని, ‘అతను ఫలానా మతం వాడు కాబట్టి వెయ్యకండి’ అనడాన్ని. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 123వ సెక్షన్, 3వ ఉపసెక్షన్ ఇదే. మతంతో పాటు జాతి, కులం, సముదాయం, భాష కూడా అందులో ఉన్నాయి. అభ్యర్థి గానీ, అతని ఏజెంటు గానీ, అతని సమ్మతితో ఇంకొకరు గానీ ఇలా అడిగారని రుజువైతే గెలిచిన ఎన్నిక రద్దవుతుంది.

ఇందులో ఒక తిరకాసు చాలాకాలం నలిగింది. చట్టంలో ‘అతని మతం’ అని ఉంది. ఆ ‘అతను’ ఎవరు? అభ్యర్థి ఒక్కడేనా, ఓటరు కూడానా? 1990లో బొంబాయి శాంతాక్రజ్ అసెంబ్లీ ఎన్నిక మీద వేసిన అభిరామ్ సింగ్ కేసులో దీనికి జవాబు 2017 జనవరి 2న గానీ రాలేదు. ఏడుగురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా తీర్పు చెప్పింది: అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పే. విభేదించిన ముగ్గురి తరఫున జస్టిస్ చంద్రచూడ్ రాసిన వాదన కూడా చదవదగ్గదే. మతం పేరుతో, కులం పేరుతో అణగారినవాళ్ళు తమ బాధ ఎన్నికల్లో చెప్పుకోకుండా నోరు నొక్కినట్టవుతుందని ఆయన అన్నారు. నాకు అటు తీర్పూ సబబే అనిపిస్తుంది, ఇటు భయమూ సబబే అనిపిస్తుంది. సవర పల్లెలో నిలబడి ‘సవరలకు అన్యాయం జరిగింది’ అంటే అది కులం పేరుతో ఓటడగడమా, ఊరి కష్టం చెప్పడమా? గీత ఎక్కడ గీస్తాం?

ఈ సెక్షన్ కింద అందరికీ గుర్తున్న కేసు శివసేన నాయకుడు బాల్ ఠాక్రేది. 1987 డిసెంబరులో విలే పార్లే ఉపఎన్నికలో రమేశ్ ప్రభు కోసం ఆయన చేసిన ప్రసంగాల వల్ల ఆ ఎన్నికను బొంబాయి హైకోర్టు రద్దు చేసింది. 1995లో సుప్రీంకోర్టు సరేనంది. ఠాక్రేకు ఆరేళ్ళు ఓటు హక్కు పోయింది, కాకపోతే ఆ ఉత్తర్వు 1999లో వచ్చింది. మాట అన్న పన్నెండేళ్ళకన్నమాట.

ఇంకో సందు కూడా చెప్పాలి. ఈ సెక్షన్‌కు సంబంధించినంత వరకు నామినేషన్ వేశాకే మనిషి ‘అభ్యర్థి’ అవుతాడు. ఆరు నెలల ముందు నుంచీ ఊరూరా తిరిగి అన్న మాటలు దీని కిందకి రావు. ఆరితేరిన నాయకులు ఘాటైన మాటలన్నీ ముందే అనేసి, నామినేషన్ తర్వాత రోడ్లు, బోర్ల గురించి మాట్లాడటం నేను కళ్ళారా చూశాను.

డబ్బిచ్చి దేవుడి ఫోటో మీద ఒట్టు వేయించుకున్నారు. ఒట్టు తప్పితే పాపమా?

పాపం సంగతి నేను చెప్పలేను గానీ, వేయించుకున్నవాడిది మాత్రం తప్పే. ‘మాకు వెయ్యకపోతే దేవుడి కోపానికి గురవుతావు’ అని ఓటరును నమ్మించడం అదే 123వ సెక్షన్ కింద అనుచిత ప్రభావం. పసుపు బియ్యం చేతిలో పెట్టినా, బైబిల్ మీద చెయ్యి వేయించినా ఒకటే. డబ్బివ్వడం ఎలాగూ వేరే తప్పు.

‘ముద్ర వేయడం’ అంటున్నారు. అదేంటి? ఉన్నమాటే కదా అంటున్నారు కొందరు.

కొందరిని చూసి అందరినీ ఒక గాటన కట్టేయడం. ముస్లింలు పిల్లల్ని ఎక్కువ కంటారు, కిరస్తానీలు బియ్యం కోసం మతం మారారు, కోమటి తక్కెడ ఎప్పుడూ మొగ్గే ఉంటుంది, ఇలాంటివి. ఓటు అడగడం ఇందులో ఉండదు కాబట్టి 123కు చిక్కదు. సామెతలా ఉంటుంది, జోకులా ఉంటుంది. జనం నవ్వుతారు. అసలు పని ఆ నవ్వులోనే అయిపోతుంది.

2024 ఏప్రిల్ 21న రాజస్థాన్ బాన్స్‌వాడాలో ప్రధాని మోదీ, కాంగ్రెస్ వస్తే మీ సంపద చొరబాటుదారులకు, ఎక్కువమంది పిల్లల్ని కనేవాళ్ళకు పంచుతుందని అన్నారు. ఫిర్యాదులు వెళ్ళాయి. ఎన్నికల సంఘం నోటీసు ఆయనకు కాక పార్టీ అధ్యక్షుడికి ఇచ్చింది. రాహుల్ గాంధీ మీద వచ్చిన ఫిర్యాదులకు కూడా ఇదే పద్ధతిలో కాంగ్రెస్ అధ్యక్షుడు ఖర్గేకు ఇచ్చింది. తర్వాత ఒక ఇంటర్వ్యూలో మోదీ తాను హిందువులనీ అనలేదు, ముస్లింలనీ అనలేదు అన్నారు. విన్నవాళ్ళకు మాత్రం ఎవరి గురించో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

ఇక ఉన్నమాటేనా అంటే, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. 1992–93లో ఒక్కో ముస్లిం మహిళకు సగటున 4.4 మంది పిల్లలు, హిందూ మహిళకు 3.3. 2019–21కి వచ్చేసరికి 2.36, 1.94. తేడా ఇంకా ఉంది. కానీ ఇద్దరికీ తగ్గింది, ముస్లింలకు మరీ వేగంగా తగ్గింది. ముప్పయ్యేళ్ళ కిందటి బొమ్మనే నాయకుడు ఇవాళ్టికీ చూపిస్తున్నాడు.

బియ్యం మాట నేనే అన్నాను ఒకసారి. దాచుకోవడం ఎందుకు.

కాశీనగరం దగ్గర సంతలో సభ. నాయకుడు ఒడియాలో ‘కిఛి లోక’ అన్నాడు, అంటే కొందరు. కొందరు ఆశపడి దేవుణ్ణి మార్చుకున్నారని అన్నాడు. ఊపు మీదున్నాను. తెలుగులో ‘బియ్యం బస్తాకి దేవుణ్ణి అమ్ముకున్న కిరస్తానీలు’ అనేశాను. గొల్లున నవ్వారు, చప్పట్లు. నాయకుడు వెనక్కి తిరిగి మెచ్చుకోలుగా చూశాడు. కొమ్ము పసుపు అమ్ముకునే సవర ఆవిడ ఒకామె స్టేజీకి కుడిపక్కన కూర్చుని ఉంది. ఏళ్ళ తరబడి మా ఇంటికి పసుపు ఆమె దగ్గరే. ఆమె లేచి, గోనె పట్టా మడిచి, బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. సంత ఇంకా సగం కూడా అవలేదు. మరుసటి వారం వెళ్తే ఎప్పటిలాగే తూచింది. ఎప్పుడూ తూకం అయ్యాక గుప్పెడు కొసరు వేసేది. ఆ వారం వెయ్యలేదు. ఆ తర్వాతెప్పుడూ వెయ్యలేదు.

ఆమె నాయనమ్మ కాలానికే వాళ్ళ ఇంట్లో ఆ మతం ఉంది. సెరంగోలో కెనడా బాప్టిస్టు మిషన్ వాళ్ళు ఆసుపత్రి పెట్టిన కొండలవి. గజపతి జిల్లాలో 2011 జనాభా లెక్కల ప్రకారం మూడింట ఒక వంతుకు పైగా క్రైస్తవులే. అంతమందీ ఒక బస్తా బియ్యానికి మారినవాళ్ళని ఎలా అనగలిగానో!

మతం మారిన సవరలకు గిరిజన రిజర్వేషన్ ఉండదని ఒకాయన స్టేజీ మీద అన్నాడు. నిజమేనా?

ఇప్పుడున్న చట్టం ప్రకారం కాదు. ఎస్సీకి, ఎస్టీకి నిబంధన వేరు. 1950 నాటి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. ఎస్సీలు క్రైస్తవంలోకి మారితే ఆ హోదా ఉండదు. ఎస్టీకి మతం షరతే లేదు. ఎస్టీకి కూడా అలాంటి షరతు పెట్టాలని కోరేవాళ్ళున్నారు. అది వాళ్ళ డిమాండు, అడగొచ్చు. డిమాండును చట్టం అన్నట్టు చెప్పడమే మోసం. సభలో ఎవరైనా ఈ మాట అంటే ‘ఏ సెక్షనండీ?’ అని అడగండి చాలు.

మతమార్పిడి మీద చట్టం వేరే ఉంది. స్వతంత్ర భారతంలో అలాంటి చట్టం మొదట చేసిన రాష్ట్రం మన ఒడిశానే, 1967లో. బలవంతం, మోసం, ప్రలోభం ఉంటే నేరం. మనసుకు నచ్చి మారితే కాదు.

మాటే కదా, మాటకి ఇంత రాద్ధాంతమా?

మా పక్క జిల్లా కంధమాల్. 2008 ఆగస్టు 23న అక్కడ విశ్వ హిందూ పరిషత్ నాయకుడు స్వామి లక్ష్మణానంద సరస్వతిని చంపేశారు. చంపింది మేమేనని మావోయిస్టులు ప్రకటించినా, దెబ్బ ఊళ్ళలోని మామూలు క్రైస్తవుల మీద పడింది. ఇళ్ళు, చర్చిలు తగలబడ్డాయి, వేలమంది అడవులు పట్టారు. భూమి తగాదాలు, రిజర్వేషన్ తగాదాలు అక్కడ ముందు నుంచీ ఉన్నాయి, వాటిని కాదనను. కానీ చంపినవాడు ఒకడు, ఇల్లు కాలినవాడు ఇంకొకడు ఎలా అయ్యాడు? ‘వాళ్ళంతా ఒకటే’ అన్న మాట అప్పటికే ఊరూరా నాటుకుని ఉంది కాబట్టి.

మన తెలుగువాళ్ళను కూడా ఒడియావాళ్ళు ‘తెలెంగా’ అంటారు కదా. అది పట్టదా మీకు?

పట్టకేం. చిన్నప్పుడు ఆటలో ఓడిపోయినవాడు నన్ను ఆ మాటే అనేవాడు. మాటలో తప్పు లేదు, అనే తీరులో ఉంది.

2024లో ఒడిశాలో మతం కన్నా ఎక్కువ వినపడింది ‘ఒడియా అస్మిత’, అంటే ఒడియా ఆత్మగౌరవం. గురి వి.కె. పాండియన్. పుట్టుకతో తమిళుడు, ఒడిశా కేడర్ ఐఏఎస్, ఒకప్పుడు మన గంజాం కలెక్టర్. 2023లో ఉద్యోగం వదిలి, అప్పటి అధికార పార్టీ బీజేడీలో చేరారు. ఎన్నికలు గెలవని ఒక అధికారికి అంత పెత్తనం ఏమిటని అడగడం న్యాయమైన ప్రశ్నే. కానీ ప్రశ్న అక్కడ ఆగలేదు. మే 20న అంగుల్ సభలో మోదీ, పూరీ జగన్నాథుడి నగలుండే రత్నభాండాగారం తాళంచెవులు తమిళనాడుకు వెళ్ళాయని జనం అంటున్నారని ప్రస్తావించారు. దేవుడి సొత్తు, పరాయి రాష్ట్రం, దొంగతనం: మూడూ ఒక్క వాక్యంలో. తమిళులను దొంగలంటారా అని అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ మండిపడ్డారు. ఆ వీడియో చూస్తూ మా వీధిలో తెలుగువాళ్ళు కూడా నవ్వారు. ‘ఇయాల అరవోడు, రేపు మనం కాదేటి?’ అంది మా పిన్ని, వక్క నములుతూ. అప్పుడు ఆగింది నవ్వు.

అదే నెలలో కాంగ్రెస్‌కు చెందిన శామ్ పిట్రోడా, తూర్పువాళ్ళు చైనీయుల్లా, దక్షిణాదివాళ్ళు ఆఫ్రికావాళ్ళలా ఉంటారని అని పదవి పోగొట్టుకున్నారు. మేం తూర్పువాళ్ళమో దక్షిణాదివాళ్ళమో తేల్చుకోలేక ఇంట్లో అద్దం ముందు నిలబడ్డాం.

చట్టం మాటకొస్తే, 123(3)లో భాష ఉంది గానీ పుట్టిన చోటు లేదు. పుట్టిన చోటు పేరుతో వైరం రెచ్చగొట్టడం భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్‌లో ఉంది. ‘పరాయివాడు’ అన్నంత మాత్రాన వైరం రెచ్చగొట్టినట్టని ఏ కోర్టూ తేలిగ్గా ఒప్పుకోదు.

ఇదే నేల మీద ఇంకో రకంగా కూడా జరిగింది. 1996లో పి.వి. నరసింహారావును బరంపురం లోక్‌సభకు గెలిపించింది తెలుగువాళ్ళొక్కరే కాదు, ఒడియావాళ్ళు కూడా. రాష్ట్రపతి అయిన వి.వి. గిరి 1894లో పుట్టింది బరంపురంలోనే. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ఇటు వచ్చినప్పుడు, దాన్ని వ్యతిరేకించిన గిడుగు రామమూర్తి ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆ భాష పట్టింపు పెద్దదే. అయితే ఆ మనిషే సవర నేర్చుకుని, సవరలకు బడులు పెట్టి, వాళ్ళ భాషకు వ్యాకరణం రాశాడు. తన భాష మీద ప్రేమ ఉన్నవాడు అవతలివాడి భాషను తిట్టనక్కర్లేదు.

ఫిర్యాదు ఎక్కడ చెయ్యాలి?

ఎన్నికల కోడ్ అమల్లో ఉంటే ఎన్నికల సంఘం వాళ్ళ సి-విజిల్ యాప్. అక్కడికక్కడే యాప్‌లోనే ఫోటో గానీ రెండు నిమిషాల లోపు వీడియో గానీ తియ్యాలి. వాట్సాప్‌లో వచ్చినదాన్ని ఎక్కించడం కుదరదు. పేరు చెప్పకుండా కూడా పంపొచ్చు. వంద నిమిషాల్లో చర్య చెప్పాలన్నది వాళ్ళు పెట్టుకున్న గడువు. ఫోన్ చెయ్యాలంటే 1950 నంబరు.

కోడ్ లేనప్పుడు పోలీసు స్టేషన్. ఇక్కడ సరిహద్దు వాళ్ళకు ఒక విషయం ముఖ్యం. ప్రసంగం పాతపట్నంలో విన్నారు, మీ ఇల్లు పర్లాకిమిడి. ‘అది ఆంధ్రా, అక్కడికి పో’ అని పంపేయకూడదు. జీరో ఎఫ్ఐఆర్ కట్టి అవతలి స్టేషన్‌కు పంపాలి, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో అది రాసి ఉంది. పైగా ద్వేష ప్రసంగాలపై ఫిర్యాదు రాకపోయినా కేసు కట్టాలని 2022 అక్టోబరులో మూడు రాష్ట్రాలకు, 2023 ఏప్రిల్ 28న అన్ని రాష్ట్రాలకు సుప్రీంకోర్టు చెప్పింది.

కాగితం మీద ఇంత ఉన్నా, నేను ఒకసారి వెళ్తే ‘ప్రసంగం తెలుగులో ఉంది, మాకు ఒడియాలో రాసి తెండి’ అన్నారు. రాసి తీసుకెళ్తే ‘రాసింది మీరే కదా, నమ్మేదెలా’ అన్నారు. కాబట్టి రాతతో పాటు అసలు రికార్డింగు, అది ఏ ఫోన్లో, ఎప్పుడు, ఎవరు తీశారో దగ్గర పెట్టుకోండి. ముక్కలు కొయ్యకండి, అతికించకండి. 2012 డిసెంబరు నాటి నిర్మల్ ప్రసంగం కేసులో అక్బరుద్దీన్ ఒవైసీని 2022 ఏప్రిల్లో కోర్టు నిర్దోషి అంది. దేశమంతా చూసిన వీడియో కూడా కోర్టులో సాక్ష్యంగా నిలబడాలి, ఊరికే నిలబడదు.

కేసు పెడితే నిజంగా ఏమైనా అవుతుందా?

అప్పుడప్పుడు. 196 కింద మూడేళ్ళ దాకా శిక్ష, అదే గుళ్ళోనో చర్చిలోనో మసీదులోనో అంటే అయిదేళ్ళ దాకా. కేసు కట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు గానీ, కోర్టు విచారణకు తీసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఫైలు పడుకునేది అక్కడే. అధికారంలో ఉన్నవాళ్ళ మీద ఫైలుకు మరీ గాఢనిద్ర.

శిక్ష పడితే మాత్రం సీటు మీదకి వస్తుంది. 2022 అక్టోబరులో ఉత్తరప్రదేశ్ సమాజ్‌వాదీ నాయకుడు ఆజం ఖాన్‌కు ద్వేష ప్రసంగం కేసులో మూడేళ్ళు పడి ఎమ్మెల్యే పదవి పోయింది. డిసెంబరులో ఉపఎన్నిక పెట్టేశారు, సీటు బీజేపీకి వెళ్ళింది. మరుసటి మేలో పై కోర్టు ఆయన్ను నిర్దోషి అంది. అప్పటికి ఏం లాభం?

వెంటనే పనిచేసేది ఎన్నికల సంఘం నోరు కట్టడమే. 2019 ఏప్రిల్ 15న ఒకేరోజు యోగి ఆదిత్యనాథ్, ఆజం ఖాన్‌లకు 72 గంటలు, మాయావతి, మేనకా గాంధీలకు 48 గంటలు ప్రచారం ఆపించింది. ఆ చొరవ కూడా సుప్రీంకోర్టు గట్టిగా అడిగాకే వచ్చింది.

ఎన్నిక రద్దు కోసం ఓడినవాడే కోర్టుకు వెళ్ళాలా?

అక్కర్లేదు. ఆ నియోజకవర్గంలో ఓటరు ఎవరైనా హైకోర్టులో పిటిషన్ వెయ్యొచ్చు. ఫలితం వచ్చిన 45 రోజుల్లో. ఒక్క రోజు దాటినా అంతే. ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. ఠాక్రే కేసు ఎన్నాళ్ళు పట్టిందో పైన చెప్పాను.

గుళ్ళో, చర్చిలో ఓట్లు అడగొచ్చా?

ప్రవర్తనా నియమావళి ప్రకారం కూడదు. దండం పెట్టుకుని రావచ్చు. గుడిమెట్ల మీద మైకు పట్టకూడదు.

మనవాడు మాట్లాడితే కూడా ఫిర్యాదు చెయ్యాలా?

ఈ ప్రశ్న అడిగినవాడు నా దగ్గర చదువుకున్నవాడే. ‘చెయ్యకపోతే పోనీ, చప్పట్లు కొట్టకు’ అన్నాను.

మీరు ఇంకా అనువాదం చేస్తున్నారా?

ఎప్పుడైనా పిలిస్తే వెళ్తాను, ముందే ఒక మాట చెప్పి. మీరన్నదే చెబుతాను, ఉప్పూ కారం వెయ్యను అని. మొన్నామధ్య ఒకాయన ఒడియాలో ‘కిఛి లోక’ అని ఆగి, కళ్ళెగరేసి నా వైపు చూశాడు. ‘కొందరు’ అన్నాను. జనం కదల్లేదు. ఆయన మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, ‘ఏంటి మాస్టారూ, చప్పట్లు రాలేదేం?’ అన్నాడు.

‘మీరన్నది అంతేనండీ’ అన్నాను.